హెడ్‌ఫోన్లలో రెండేళ్లు

మూడు వారాల కిందట, మంగళవారం మధ్యాహ్నం, నా భార్య పోయింది. పొద్దున ఇద్దరం ఇడ్లీ తిన్నాం. పదింటికి చెరో గదిలో ఆఫీసు పని మొదలుపెట్టాం. ఒంటిగంటకు భోంచేశాం. వంకాయ కూరలో ఉప్పు తగ్గిందన్నాను. “అయితే పచ్చడి కలుపుకోండి” అంది. రెండింటికి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, గిటార్ తీసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. రోజూ ఆ వేళకు కాసేపు వాయించుకోవడం అలవాటు. నేను హాల్లో మీటింగులో ఉన్నాను. నా చెవుల్లోనూ హెడ్‌సెట్ ఉంది. మూడు దాటాక టీ పెట్టి తలుపు తీశాను. ఆమె కుర్చీ పక్కన నేల మీద పడి ఉంది. ఆస్పత్రికి చేరేసరికే అయిపోయింది. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు.

“కాస్త ముందే తెచ్చుంటే?” అని డాక్టరును అడిగాను.

“చెప్పలేమండీ” అన్నాడు. నిజమే చెప్పి ఉంటాడు. ఆ మాట మీద నా కోపం మాత్రం పోలేదు.

మీటింగు మధ్యలో ఒకసారి హెడ్‌సెట్ తీసి ఆ గది వైపు చూశాను. చప్పుడు లేదు. వాయిస్తోందనుకున్నాను. రెండేళ్లుగా మా ఇంట్లో చప్పుడు లేకపోతే ఆమె వాయిస్తోందనే అర్థం. ఆ ఏర్పాటు చేసింది నేనే.

ఎలక్ట్రిక్ గిటార్ ఉత్తగా మీటితే దోమ పాడినట్టు ఉంటుంది. దాన్ని యాంప్లిఫయర్‌కు, అక్కణ్నుంచి స్పీకర్లున్న చెక్క పెట్టెకు కలిపితేనే అసలు గొంతు వస్తుంది. ఆ పెట్టెను క్యాబినెట్ అంటారు. మా ఆవిడది రెండు స్పీకర్ల పెట్టె, మోకాలెత్తు ఉంటుంది. రాజమండ్రిలో చిన్నప్పుడు, పక్కింట్లో ఉండే చర్చి గిటారిస్టు దగ్గర నేర్చుకుందట. పెళ్లయ్యాక నాతో పాటు ఎన్ని అద్దె ఇళ్లు మారినా, లారీలోకి ముందు ఎక్కేది ఆ పెట్టే. ఆ తర్వాతే బీరువా.

ఖాజాగూడలో ఈ ఫ్లాటుకు వచ్చాక సాయంత్రాలు ఆరింటికి వాయించేది. వంటింట్లో స్టీలు గ్లాసులు సన్నగా వణికేవి. కింది స్వరం పట్టుకుంటే బాల్కనీ తలుపు అద్దం గుర్రుమనేది. నేను హాల్లో పేపరు చదువుతున్నట్టు కూర్చునేవాణ్ని. ఒక్క వార్తా చదివేవాణ్ని కాదు. తప్పు వాయిస్తే తనే ఆపి, “విన్నారా? విననట్టు ఉండండి” అని కేకేసేది.

ఒకరోజు అసోసియేషన్ సెక్రటరీ గారు వచ్చారు. చాలా మర్యాదస్తుడు. కాఫీ తాగారు. “సార్, కింది ఫ్లాటు వాళ్లకి కాల్స్ ఉంటాయి కదండీ. మీరు అర్థం చేసుకునే మనిషి. మేడం గారికి మీరే ఒక మాట చెప్పండి” అన్నారు. మా ఎదురుగా బండలు పగలగొట్టి టవరు కడుతున్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇల్లంతా అదురుతుంది. దాని మీద అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజీ లేదు. వినాయక చవితికి తొమ్మిది రోజులు మా సెల్లార్లోనే మనిషెత్తు సౌండు బాక్సులు పెడతారు. దాని మీదా లేదు. ఒక ఆడమనిషి అరగంట గిటార్ వాయిస్తే కాల్స్ గుర్తొచ్చాయి. ఇదంతా ఆ రోజు అనాల్సింది. “తప్పకుండా చూస్తానండీ” అన్నాను. ఆమె లోపల గదిలోనే ఉంది. పిలిచి అడగనైనా లేదు.

వారంలోపే ఒక డిజిటల్ యంత్రం తెచ్చాను. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. ఏ పెట్టె, ఏ గదిలో, మైకు ఎంత దూరంలో ఉంటే ఎలా వినిపిస్తుందో లెక్కకట్టి ఆ ధ్వనిని తయారు చేస్తుంది. హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే చాలు, బయటికి ఏమీ రాదు. పుట్టినరోజు కానుక అని చెప్పాను. అది అబద్ధం. పుట్టినరోజుకు ఇంకా రెండు నెలలుంది.

ఆమెకు ఆ యంత్రం మీద ద్వేషమేమీ లేదు. ఒక ముక్క పెట్టెలో వాయించి మైకుతో రికార్డు చేసి, అదే ముక్క యంత్రంలో చేసి, రెండూ నాకు వినిపించింది.

“ఏది ఏదో చెప్పండి.”

“మొదటిది పెట్టె.”

“రెండోది. నాకూ తెలియదు లెండి, ఫైలు పేరు చూసి చెప్తున్నా” అని నవ్వింది. తర్వాత ఒక మాటంది. “రికార్డులో తేడా కనిపెట్టినవాళ్లకి దణ్ణం పెడతాను. ఇంట్లో తేడా తెలియనివాళ్లకి మాత్రం అన్నం పెట్టను.”

నేను నవ్వి ఊరుకున్నాను. పెట్టె సెల్లార్లో మా స్టోరు గదికి పోయింది. ఆ రెండేళ్లూ నాకు రోజూ అన్నం పెట్టింది.

అప్పుడప్పుడు తలుపు తీసి చూసేవాణ్ని. కళ్లు మూసుకుని ఉండేది. వేళ్లు పరిగెత్తేవి. తీగల మీద చిన్న టిక్కుటిక్కు తప్ప నాకేమీ వినిపించేది కాదు. నన్ను చూస్తే ఒక చెవి తీసి “ఏంటండీ?” అనేది. “ఏం లేదు” అనేవాణ్ని. ఏం వాయిస్తున్నావు, నాకూ వినిపించు అని ఒక్కసారి అడిగి ఉండొచ్చు. మంచి మాటలే గుర్తు చేసుకోవాలని సంతాపానికి వచ్చినవాళ్లు చెబుతారు. నాకు ముందు ఇదే గుర్తొస్తుంది.

ఈ సోమవారం సెక్రటరీ గారు మళ్లీ వచ్చారు. ఆదివారం క్లబ్‌హౌస్‌లో సంతాప సభ పెడతామన్నారు. “ఫొటో ఒకటి ఇవ్వండి సార్. మేడం గారి మ్యూజిక్ ఏదైనా ఉంటే సన్నగా, డిస్టర్బెన్స్ లేకుండా వేద్దాం.” ఆ మనిషిని బయటికి పొమ్మనలేదు. అందుకు నన్ను ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు.

మ్యూజిక్ కోసం ఆమె ఆఫీసు బ్యాండులో డ్రమ్స్ వాయించే అమ్మాయి మొన్న వచ్చింది. ల్యాప్‌టాప్ తెరిచి వెతికింది. రెండేళ్లలో వాయించినవన్నీ ఉన్నాయి. వందకు పైగా.

“అన్నీ పచ్చివే సార్” అంది. “గిటార్‌లోంచి వచ్చింది వచ్చినట్టు దాచారు. ఏ సౌండూ కలపలేదు. క్లబ్‌హౌస్‌లో వెయ్యాలంటే కంప్యూటర్లోనే డిజిటల్ క్యాబినెట్ పెట్టేస్తా, ఐదు నిమిషాల పని. లేదంటే యాంప్‌లోంచి పంపి మీ పాత పెట్టెలోంచే వినొచ్చు. దానికి మొయ్యాలి, కలపాలి, సౌండూ ఎక్కువొస్తది. మీ ఇష్టం.”

“ఏది ఆవిడది?”

“రెండూ ఆవిడ చేతులే కదా సార్.”

“పచ్చివి ఎందుకు దాచుకుంది?”

ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ మూసింది. “మీకు చెప్పారనుకున్నా. పెట్టె ఎప్పటికైనా పైకొస్తుంది, ఆయనే తెస్తారు, అప్పుడివన్నీ దాన్లోంచి ఒక్కసారే వినిపిస్తా అనేవారు. ప్రాక్టీసులో మేమే ఎక్కిరిచ్చేవాళ్లం, మీ ఆయన తెచ్చేసరికి మాకు రిటైర్మెంటే అని.”

రెండేళ్లు ఎదురుచూసిందన్నమాట. నాతో మాత్రం అనలేదు. ఆమె మీద కూడా కోపం వచ్చింది. అడిగితే తెచ్చేవాణ్నే కదా అనుకున్నాను. తెచ్చేవాణ్నో లేదో నాకు నిజంగా తెలియదు.

నిన్న సెల్లార్లోకి వెళ్లాను. పెట్టె మీద ఎవరివో పాత టైర్లున్నాయి. వాటిని దించాను. స్పీకర్లకు ముందున్న గుడ్డ మీద, కుడి స్పీకరు మధ్య నుంచి రెండు వేళ్ల దూరంలో, ఎర్ర స్టిక్కరు బొట్టు అలాగే ఉంది. మైకు అక్కడికి గురిపెట్టాలని ఆమె పెట్టుకున్న గుర్తు. మా సెక్యూరిటీ ఆయన టార్చి పట్టుకుని వచ్చాడు. నాగర్‌కర్నూల్ వైపు మనిషి.

“మేడంది గదా సార్ గిది. అప్పట్ల గేటు కాడికి ఇనవడుతుండె. నా డ్యూటీ జల్ది అయిపోతుండె. మల్ల బంద్ జేసిన్రేంది?”

“నేనే చేయించాను.”

“గట్లనా” అన్నాడు. పెట్టె అంచు పట్టి ఎత్తి చూసి, “పైకి తీస్కపోవాల్నంటే జెప్పుండ్రి. ఇద్దరం వడితే ఎంతసేపు సార్” అన్నాడు.

ఇందాకే సెక్రటరీ గారికి ఫోన్ చేశాను. సభ వద్దన్నాను. ఫొటో ఇవ్వనన్నాను. “కోపంలో ఉన్నట్టున్నారు సార్” అన్నారు. అవునన్నాను.

రేపు శనివారం. ఉదయం తొమ్మిదింటికి సెక్యూరిటీ ఆయనా నేనూ కలిసి ఆ పెట్టెను లిఫ్టులో పైకి తెస్తాం. డ్రమ్స్ అమ్మాయి వచ్చి యాంప్ కలుపుతుంది. మొట్టమొదటి రికార్డు నుంచి వరసగా, ఆమె ఎంత గట్టిగా వాయించేదో అంత గట్టిగా వేస్తాను. అన్నీ అయ్యేదాకా ఆపను. ఫిర్యాదు ఉన్నవాళ్లు బెల్లు కొట్టనక్కర్లేదు. తలుపు తీసే ఉంటుంది. లోపలికి వచ్చి, కూర్చుని, వినండి.