శేషగిరిరావు ఎర్రకారు అమ్మకం

శేషగిరిరావు కారు అమ్మకానికి ఉంది. ఈ మాట నరసరావుపేటలో మొదట పుట్టింది యాభైయైదో సంవత్సరంలో. అరవైయారు వచ్చింది. రెండు ఎలక్షన్లు వచ్చి పోయాయి, సాగర్ దగ్గర కృష్ణకు అడ్డంగా డ్యాము లేచింది, శేషగిరిరావు కారు మాత్రం ఇంకా అమ్మకానికే ఉంది. బేరానికి వచ్చినవాణ్ణి కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆ కారు ఎందుకు కొనకూడదో అరగంట చెప్పి సాగనంపడం ఆయన అలవాటు.

ఇలాంటి అమ్మకందారుణ్ణి రామబ్రహ్మం భూమ్మీద ఇంకెక్కడా చూడలేదు. చూసినప్పుడల్లా ఆయనకు ఒళ్ళు మండేది. మండదా మరి, ఆ కారు ఒకప్పుడు ఆయనదే!

ఎర్రటి విలాయతీ కారు. రెండే సీట్లు, పైన టాపు లేదు, నేలకు జానెడు ఎత్తున పాకినట్టు పోతుంది. గుంటూరులో ఒక తెల్లదొర స్వదేశం వెళ్తూ అమ్మితే రామబ్రహ్మం కొన్నాడు. ఆ రోజుల్లో ఆయనకు పత్తి మిల్లు ఉండేది. సత్తెనపల్లి రోడ్డు మీద ఆయన వస్తుంటే ఎడ్లు బెదిరేవి, పిల్లలు కేకలు పెట్టేవాళ్ళు. తర్వాత మిల్లు గోదాములో నిప్పు పడింది. రెండు గంటల్లో ఏడాది సరుకు బూడిద. మిల్లు పోయింది, పొలం పోయింది, చివరికి కారు వంతు వచ్చింది.

కొన్నదెవరయ్యా అంటే శేషగిరిరావు! కోర్టు ముందు చెట్టుకింద బల్ల వేసుకుని స్టాంపు కాగితాలు అమ్ముకునే మనిషి. కారు నడపడం రాదు. రాజుపాలెంలో ఉన్న ఒక్క ఎకరం అమ్మి కారు కొన్నాడు. కొని, షౌకత్ మెకానిక్ షెడ్డులో పెట్టి, యథాప్రకారం సైకిలు మీద కోర్టుకు పోయాడు. ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది.

ఆదివారం ఆదివారం షౌకత్ ఇంజను తిప్పేవాడు. శేషగిరిరావు పంచె ఎగగట్టి, చింతపండుతో ఇత్తడి బిళ్ళలు తోమి, డ్రైవరు సీట్లో పావుగంట కూర్చుని దిగేవాడు. అంతే ఆయన కారు ప్రయాణం.

సాయంత్రాలు ఆ షెడ్డులోనే సభ. శేషగిరిరావు, రామబ్రహ్మం, షౌకత్, మూడు గోలీసోడాలు. మొదటి సోడాకి పాత కార్ల మార్కెట్టు నడిచేది. విలాయతీ బళ్ళు రావడం ఆగిపోయింది కాబట్టి ఉన్నవాటి ధర ఏటేటా ఎక్కుతోందనీ, ఫలానా డాక్టరు బండికి ఎంతొచ్చిందనీ వాదించుకునేవాళ్ళు. రెండో సోడాకి మాట విస్కీ మీదికి మళ్ళేది. గుంటూరు జిల్లా అంతటా మద్యనిషేధం. కృష్ణ దాటితే లేదు. అందుకని ఇవతలి ఒడ్డున సోడా తాగుతూ అవతలి ఒడ్డు విస్కీ గురించి మాట్లాడుకునేవాళ్ళు.

ఇందులో తమాషా ఏమిటంటే, శేషగిరిరావు జన్మలో విస్కీ నాలిక్కి తగలనివ్వలేదు. సాగర్ ఇంజనీర్లు పారేసిన ఖాళీ సీసాలు పాతసామాన్ల బండి మీద వస్తే, మూతలు వాసన చూసి పండితుడయ్యాడు.

"గుర్రం బొమ్మ సీసా కొంచెం పొగవాసన, రామబ్రహ్మం. కోటు దొర బొమ్మది మెత్తన."

"నువ్వు తాగావేంట్రా?"

"తాగితే ఏం తెలుస్తది? మత్తెక్కుద్ది. మూత దగ్గరే నిజం తెలిసేది. నా దగ్గర ఒక నిండు సీసా ఉంది. కారు అమ్ముడుపోయిన రోజు తీస్తా."

ఆ సీసాను కంటితో చూసినవాడు లేడు. పదకొండేళ్ళుగా విని విని, షౌకత్ దాన్ని దేవతా వస్త్రం అనేవాడు.

కారు చూడ్డానికి ఎవరన్నా వచ్చారా, ఇక చూడాలి.

"ఇంజను ఎట్టా ఉందండీ?"

"దగ్గుద్ది. మా మేనత్తకి ఉబ్బసం ఉండేది, ఆవిడ నయం."

"బ్రేకులు?"

"పడతయ్. వాటికి బుద్ధి పుట్టినప్పుడు."

"వానొస్తే?"

"ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో స్టీరింగు. గేరు మార్చడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకోవాల."

లారీ కింద పడుకున్న షౌకత్ ఉండబట్టలేక తల బయటపెట్టేవాడు. "అన్నా, నా పరువు తీస్తన్నావు! పోయిన ఆదివారమేగా కార్బురేటరు విప్పి కడిగింది! అద్దంలా ఉంది ఇంజను!"

"నువ్వు నట్లు బిగించు. ఆ చేత్తోనే నోరు కూడా బిగించు."

వచ్చినవాడు దండం పెట్టి పోయేవాడు. శేషగిరిరావు సైకిలు తీసుకుని ఇంటికి పోయేవాడు. ఆ సైకిలు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. గంట తప్ప అన్నీ మోగుతాయి. షౌకత్ మాత్రం నవ్వేవాడు కాదు. ఎవరూ అడక్కుండానే వారానికోసారి దాని చైనుకి నూనె వేసేవాడు.

ఎంతకు కొన్నాడో మాత్రం ఎవరికీ తెలియదు. అమ్మిన రోజున రామబ్రహ్మానికి తల కొట్టేసినట్టయింది. నలుగురిలో ధర పలకడం ఇష్టం లేక, పశువుల సంతలో బేరగాళ్ళలాగా కండువా కింద చేతులు కలుపుదామన్నాడు. కండువా కింద రామబ్రహ్మం నాలుగు వేళ్ళు చాపాడు. శేషగిరిరావు ఒకటి మడిచాడు, మూడు పట్టుకున్నాడు. మూడు వేలు. తర్వాత అయిదు వేళ్ళూ కలిపి నొక్కాడు. అయిదు వందలు. బేరం తెగింది. ఊళ్ళో ఎవరడిగినా శేషగిరిరావు ఒకటే చెప్పేవాడు: "కండువానడగండి."

ఆనాటికి అది మంచి ధరే. ఆ సంగతి రామబ్రహ్మానికి బాగా తెలుసు. తెలిసీ, అభిమానం చంపుకోలేక, "ఆపదలో ఉన్నానని సగానికి గుంజాడు" అని నలుగురి దగ్గరా అన్నాడు. అనగా అనగా తనే నమ్మాడు. మిర్చి కమీషను వ్యాపారంలో మెల్లగా నిలదొక్కుకున్నాక, కారు తిరిగి కొనాలని ఆశ పుట్టింది. కానీ ధర ఎక్కుతోంది. అడిగితే పదివేలంటాడేమో! పైగా అడగడానికి నోరు రావాలిగా.

ఆ అక్కసుతో రెండేళ్ళ కిందట, షెడ్డులో పదిమంది ఉండగా, ఒక మాట తూలాడు. "కష్టంలో ఉన్నోడి కారు కొట్టేసి, రేటు పెరగాలని కూచున్నావు. గద్ద కూడా చచ్చిందాకా ఆగుద్దిరా, శేషగిరీ!"

శేషగిరిరావు సోడా ముగించి, గోలీ గలగలలాడించాడు. "ఈసారి గ్యాసు తగ్గింది, షౌకత్" అన్నాడు. అంతే.

తను అన్న ఆ మాట రామబ్రహ్మాన్ని ముల్లులా పీడించింది. తప్పయిందని చెబుదామని రెండుసార్లు కోర్టు దాకా వెళ్ళాడు. శేషగిరిరావు తలెత్తి "ఏం కావాలిరా?" అనేసరికి "ఒక స్టాంపు కాగితం" అన్నాడు. రెండుసార్లూ అక్కర్లేని స్టాంపు కాగితం కొనుక్కుని తిరిగొచ్చాడు.

అలా ఉండగా ఈ వేసవిలో సాగర్ నుంచి ఒక కాంట్రాక్టరు జీపులో దిగాడు. కారు చుట్టూ ఒక్కసారి తిరిగి, "తొమ్మిది వేలు" అన్నాడు.

రామబ్రహ్మం సోడా సీసా కింద పెట్టేశాడు. తొమ్మిది వేలు! పోయిన వానల్లో శేషగిరిరావు ఇంటి వెనక గోడ కూలింది. అక్కడ తాటాకులు కట్టుకుని కాపురం చేస్తున్నారు. ఆయన భార్య ధనలక్ష్మి ఆ తాటాకుల్ని చూపించి పూటకోసారి చెరిగేస్తోంది. ఇంక కారు దక్కదు, అయిపోయింది అనుకున్నాడు రామబ్రహ్మం.

"ఇంజను దగ్గుద్ది" అన్నాడు శేషగిరిరావు.

"మార్పిస్తా."

"బ్రేకులు పడవు."

"కొత్తవి వేయిస్తా."

"టాపు లేదు."

"లేదనేగా కొనేది!"

పదకొండేళ్ళలో మొదటిసారి శేషగిరిరావు దగ్గర లోపాలు అయిపోయాయి. నుదుటి చెమట తుడుచుకున్నాడు. షౌకత్ లారీ కింద నుంచి పూర్తిగా బయటికి వచ్చి నిలబడ్డాడు.

"క్షమించాలి బాబూ. ఇది అమ్ముడుపోయింది. బయానా కూడా ముట్టింది."

"ఎవరిచ్చారు?"

"అడుగో, ఆయనే" అని శేషగిరిరావు రామబ్రహ్మాన్ని చూపించాడు.

కాంట్రాక్టరు విసుక్కుంటూ జీపెక్కి వెళ్ళిపోయాడు. రామబ్రహ్మం శేషగిరిరావు దగ్గరికి వచ్చాడు.

"నేనెప్పుడిచ్చాన్రా బయానా?"

శేషగిరిరావు తన స్టాంపుల పెట్టె తెరిచి, అడుగునుంచి గుడ్డలో చుట్టిన సీసా తీశాడు. గుర్రం బొమ్మ సీసా. దానికి అంటించిన కాగితం మీద పెన్సిలుతో ఒక గీత. రామబ్రహ్మం ఆ గీతను గుర్తుపట్టాడు. పాలేరు గుక్కెడు తాగుతాడేమోనని తనే గీసుకున్న గీత! నిషేధం పోలీసులకి భయపడి సీటు వెనక దాచి, మిల్లు తగలబడ్డ గొడవలో మరిచిపోయాడు.

"ఇదే నీ బయానా. సీటు దులుపుతుంటే దొరికింది. గీతకి అర వేలెడు తగ్గింది. నేను తాగలా, పల్నాడు ఎండలు తాగినయ్" అన్నాడు శేషగిరిరావు.

"ఇదంతా ఎందుకురా? నాకోసమా కొన్నావు?"

"అబద్ధమెందుకు, నాకోసమే కొన్నా. మోజు పడ్డా. కాని బేరమయ్యాక నువ్వు పోతా పోతా వెనక్కొచ్చి, కండువాతో దీపం అద్దం తుడిచావు. అమ్మేసినోడు ఎవడన్నా తుడుస్తాడా? అప్పుడే అర్థమయింది, ఇది ఇంకా అమ్ముడు పోలేదని."

రామబ్రహ్మానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమూ వచ్చింది. "మూడున్నర వేలు నాలుగేళ్ళ నుంచీ నా దగ్గర మూలుగుతన్నయ్ గదరా! నువ్వు చెప్పొచ్చుగా!"

"తీసుకుపోరా అంటే, జాలిపడ్డానని మొహాన కొట్టేవాడివి. నువ్వే అడుగుతావని చూశా. నువ్వు అడగలా."

నిజమే, అడగలేదు. నాలుగేళ్ళు నోరు కట్టుకుని కూర్చుని, ఆ నోటితోనే గద్ద అన్నాడు. ఆ మాట ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక రామబ్రహ్మం కండువా తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. "మార్కెట్టు తొమ్మిది పలికింది" అంటూ అయిదు వేళ్ళు చాపాడు. శేషగిరిరావు ఒకటి మడిచాడు. ఇంకొకటి మడిచాడు. మూడు పట్టుకున్నాడు. తర్వాత అయిదూ కలిపి నొక్కాడు. అదే పట్టు, చెయ్యి మాత్రం కాస్త ముసలిదయింది.

"కాగితం రాసుకోవాలి. స్టాంపు కాగితం తెస్తానుండు."

"నా దగ్గరున్నయ్, రెండు" అన్నాడు రామబ్రహ్మం తలొంచుకుని.

"తెలుసులేరా. ఎందుకు కొన్నావో కూడా అప్పుడే తెలుసు."

"మరి నాకు లోపాలేమీ చెప్పవేంది?"

"నీ కారు లోపాలు నీకు నేను చెప్పేదేంది!"

కారెక్కడం రామబ్రహ్మానికి అంత సులువు కాలేదు. పదకొండేళ్ళ కిందట గెంతి కూర్చునే మనిషికి ఇప్పుడు మోకాళ్ళు వంగవు. షౌకత్ సాయం పడితే తప్ప సీట్లోకి దిగలేకపోయాడు. చేజేతులా పోగొట్టుకున్న ఏళ్ళు ఆ మోకాళ్ళలో కలుక్కుమన్నాయి. ప్రభుత్వ స్టాంపులు అమ్మేవాణ్ణి, ఈ జిల్లాలో మూత తీయనని శేషగిరిరావు పట్టుబడితే, మాచర్ల మీదుగా సాగర్ పోయి, వంతెన దాటి, అవతలి ఒడ్డున సీసా తెరిచారు. శేషగిరిరావు ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టాడు.

"దీనికా ఇన్నాళ్ళు కాపలా కాసింది! మూత వాసనే నయం!"

వారం తిరక్కుండా శేషగిరిరావు దొడ్లో మూడు బళ్ళ ఇటుకలు దిగాయి. ఎవరు పంపారో తనకు తెలియదని రామబ్రహ్మం ఒట్టు పెట్టాడు.

ఆ తర్వాత ఒక సాయంత్రం రామబ్రహ్మం షెడ్డుకి వచ్చేసరికి, శేషగిరిరావు సైకిలు స్టాండు వేసి, దాన్ని కొనడానికి వచ్చిన ఒక రైతుని కూర్చోబెట్టి చెబుతున్నాడు.

"బ్రేకు లేదు. సీటు గుచ్చుద్ది. దీని మీద పోయేకంటే దీన్ని భుజానేసుకుని పోవడం సుఖం."

రైతు దండం పెట్టి పోయాడు. రామబ్రహ్మం పగలబడి నవ్వబోయి, చటుక్కున ఆగాడు. పదకొండేళ్ళు ఆలస్యంగా నేర్చుకున్న బుద్ధి అది.

"ఒరేయ్ శేషగిరీ, ఈ సైకిలు ముందు ఎవరిది?"

శేషగిరిరావు సోడా గోలీ నొక్కుతూ, "కండువానడుగు" అన్నాడు. షౌకత్ ఎక్కడా లేని తొందరతో లారీ కిందికి దూరిపోయాడు.