మా బోరు నీళ్ళకు రాసిన రిపోర్టు

ప్రయోగం చేయకముందే రిపోర్టు రాసేయవచ్చని డిగ్రీ ఆఖరి సంవత్సరం దాకా మనస్ఫూర్తిగా నమ్మిన తెలివిగలవాణ్ణి నేను. ముందే రాసుకుంటే ఒక పని తీరిపోతుంది. పైగా ఫలితం ఏమొస్తుందో ముందే తెలిసి ఉంటుంది గనుక ల్యాబులో కంగారు ఉండదు. ఇంత సుఖమైన సిద్ధాంతం మీద అనుమానం ఎందుకొస్తుంది?

ఆ సిద్ధాంతానికి ఆధారం వాట్సాప్. అనంతపురంలో మేం చదివిన కాలేజీలో కెమిస్ట్రీ రికార్డు ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు పీడీఎఫ్‌గా దిగివస్తుంది. నాకు పై బ్యాచ్ అన్న ఒకాయన పంపాడు. ఆయనకు ఆయన పై అన్న పంపాడట. అసలు రాసిన మహానుభావుడు ఎవరో ఎవరికీ తెలియదు. ప్రతి పేజీ మూలలో, ఫోటో తీస్తూ అడ్డం పెట్టిన ఆయన బొటనవేలు మాత్రం కనిపిస్తుంది. ఆ వేలు తప్ప మిగతాదంతా నేను శ్రద్ధగా దించాను. లోకంలో రికార్డులు సృష్టించేవాళ్ళున్నారు, బద్దలు కొట్టేవాళ్ళున్నారు. నాది దించే వర్గం.

ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడ్డాయి. రికార్డు మీద మా కెమిస్ట్రీ మేడం సంతకం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. కూర్చోకపోతే సంవత్సరం పోయినట్టే. ఏప్రిల్ నెల, ల్యాబులో ఫ్యాను వేడిని అందరికీ సమానంగా పంచుతోంది. మేడం బల్ల ముందు వరసలో నిలబడి, నా వంతు రాగానే రికార్డు వినయంగా ముందు పెట్టాను. పేజీలు తిరుగుతున్నాయి, టిక్కులు పడుతున్నాయి. నీటి కాఠిన్యం కనుక్కునే ప్రయోగం దగ్గర ఎర్ర పెన్ను ఆగింది.

"ఏమప్పా, ఇది చేసిన పొద్దు ల్యాబులో ఎంత వేడి ఉండాది?"

"ఇరవై రెండు డిగ్రీలు మేడం. రాసినాను చూడండి."

"ఈ ఎండల్లో మనూర్లో ఇరవై రెండు డిగ్రీలు యాడ ఉండాదో చెప్పు. నేనూ వచ్చి ఆడే కూర్చుంటా."

వెనక వరస అంతా నవ్వింది. నేనూ నవ్వాను, వేరే దారి లేక.

ఆ ప్రయోగానికి ఎవరింటి నీళ్ళు వాళ్ళే సీసాలో తెచ్చుకోవాలని మేడం నియమం. నేనూ తెచ్చాను. ల్యాబులో దాహమేసి తాగేశాను.

"నీళ్ళు యాడివి?"

"బుక్కరాయసముద్రంలో మా ఇంటి బోరువి మేడం."

"మీ అమ్మ ఆ నీళ్ళు పోసి పప్పు ఎసరు పెడితే ఉడుకుతాదా?"

"యాడ ఉడుకుతాది మేడం! పప్పుకు క్యాన్ నీళ్ళే."

"సబ్బు నురగ?"

"వచ్చేదే లేదు."

"మరి మృదుజలమని ఎట్ల రాసినావు నాయనా?"

పుట్టినప్పటి నుంచి ఆ నీళ్ళతోనే స్నానం చేస్తున్నాను. సబ్బు ఒంటికి మైనంలా అంటుకుంటే గోళ్ళతో గోక్కుంటూ పెరిగాను. అటువంటి నీళ్ళను మృదువైనవని అందమైన చేతిరాతలో ధ్రువీకరించింది కూడా నేనే. మేడం రికార్డు మూసి నా వైపు తోసింది.

"సంతకం పెట్టేది లేదు. నీళ్ళు తెచ్చి, ప్రయోగం చేసి, మళ్ళా రాసుకొని రా."

నీళ్ళు తెమ్మంటే కళ్ళల్లోనే ఉన్నాయి. నా మొహం చూసి ఆమెకే జాలేసినట్టుంది, గొంతు కొంచెం తగ్గించింది.

"రిపోర్టంటే ఏందనుకున్నావు? నువ్వు ఈడ లేకపోయినా, నీ కాగితం చూసి ఇంగొకరు అదే పని చేయగలగల్ల. ఏం తెలుసుకోవాలని మొదలుపెట్టినావు, ఏమేం తీసుకున్నావు, ఏం చేసినావు, ఏం కనపడింది, వరసగా రాయి. 'తీసుకొనుము, కలుపుము' అని నాకు పనులు చెప్పొద్దు. నువ్వు చేసింది చేసినట్ల రాయి. కనపడింది ఒగ చోట, నువ్వనుకున్నది ఒగ చోట, రెండూ కలిపి పిసకొద్దు. అంకె తప్పు పడితే రబ్బరు పెట్టి తుడవొద్దు. చదివేకి వచ్చేటట్ల ఒక్క గీత కొట్టి పక్కన రాయి. ఆఖర్న, లెక్క యాడ చెడిందో, ఏంటికి చెడిందో అదీ రాయల్ల. ఏమీ దాచొద్దు."

మరునాడు పొద్దున్నే సీసా పట్టుకుని బోరు దగ్గరికి పోతుంటే నాయన ఎదురయ్యాడు.

"మళ్ళా నీళ్ళు తీసకపోతాండావా? మీ కాలేజీలో బోరు ఎండిపోయినాదా?"

"పరీక్ష కోసం నాయనా."

"నీళ్ళకు పరీక్షనా, నీకా?"

ఇద్దరికీ అని చెప్పి ఆటో ఎక్కాను.

పని పెద్దదేమీ కాదు. మన నీళ్ళు ఫ్లాస్కులో పోసి రంగు చుక్క వేస్తే ద్రాక్షరసంలా ఎర్రబడతాయి. పైన గాజు గొట్టం, అంటే బ్యూరెట్ నుంచి మందు వదులుతూ పోతే ఒకచోట నీలంగా మారతాయి. అదే ఎండ్ పాయింట్. ఎంత మందు పట్టిందో చూసి కాఠిన్యం లెక్క కడతారు. పీడీఎఫ్ ప్రకారం అది ఇట్టే అయిపోవాలి. నేను వదిలాను, వదిలాను, బ్యూరెట్ ఖాళీ అయింది. మా నీళ్ళు మాత్రం చలించలేదు.

"మేడం, మందు చెడిపోయినట్లుండాది!"

ఆమె కుర్చీలోంచి లేవలేదు. "మందు బాగానే ఉండాది. మీ నీళ్ళే అంత. నింపుకొని మళ్ళా పొయ్యి."

మళ్ళీ నింపాను. కాసేపటికి ఎరుపులో ఊదా ఛాయ కనిపించింది. కుళాయి తగ్గించి ఒక్కొక్క చుక్కే వదులుతున్నాను. ఊపిరి కూడా కొలిచి పీలుస్తున్నాను. సరిగ్గా అప్పుడు వీపు వెనక నుంచి మేడం గొంతు.

"ఏమప్పా, మీ చెరువులో నీళ్ళుండాయా ఈసారి?"

పెద్దవాళ్ళు పలకరిస్తే వీపు చూపిస్తూ జవాబు చెప్పడం మా ఇంట్లో అలవాటు లేదు. వెంటనే అటు తిరిగి, చేతులు కట్టుకుని, చెరువులో ఏ గట్టు వరకు నీళ్ళున్నాయో, ఏ వైపు బురద తేలిందో వివరంగా విన్నవించుకున్నాను. తిరిగి చూసేసరికి కుళాయి కారుతూనే ఉంది. ఫ్లాస్కు ఇంకు బుడ్డిలా ఉంది. ఎక్కడ మారిందో, ఎంత దాటిందో చెప్పే నాథుడు లేడు.

"ఏంటికి వదిలేసినావు?"

"మీరు అడిగినారు కదా మేడం."

"అడిగితే? నోరు జవాబు చెప్తాంటే చెయ్యి పని చేస్తాండల్ల!"

మొదటి నుంచి మళ్ళీ చేశాను. ఈసారి ఆమె దూరంగానే ఉంది. వరసగా చేసిన కొలతలు ఒకదానికొకటి దగ్గరగా వచ్చాయి. లెక్క కట్టి చూస్తే కఠినజలమే, మా అమ్మ పప్పు గిన్నె ఎప్పటి నుంచో చెబుతున్న మాటే. గుండెల మీద నుంచి బండ దింపినట్టయింది. ఈ అంకె ఎవరడిగినా చెప్పగలను. బొటనవేలాయన్ని తలుచుకోవాల్సిన పని లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని రాశాను. థర్మామీటరులో చూసిన వేడి రాశాను. తప్పు పడిన అంకెకు ఒక్క గీత కొట్టాను. రికార్డంతా ఇంగ్లీషే గానీ, రాస్తుంటే మొదటిసారి నేనే మాట్లాడుతున్నట్టు అనిపించింది.

మరునాడు మేడం నిదానంగా చదివింది. ఒక్కొక్క చోట తల ఊపుతూ వచ్చి, ఆఖరి పేరా దగ్గర ఆగింది. అక్కడ నేను రాసింది తెలుగులో చెబితే ఇంతే:

"మొదటి కొలత చెడిపోవడానికి కారణం: రంగు మారబోతుండగా లెక్చరరు గారు వెనక నుంచి వచ్చి చెరువు సంగతి అడిగారు. విద్యార్థి మర్యాదగా తిరిగి నిలబడ్డాడు. ఈ పొరపాటు మళ్ళీ జరగకుండా ఉండాలంటే, ఎండ్ పాయింట్ సమయంలో లెక్చరరును బ్యూరెట్‌కు దూరంగా ఉంచాలి."

"ఇదేందప్పా?"

"ఏమీ దాచొద్దన్నారు కదా మేడం."

"తుడిచెయ్ ఇది."

"రబ్బరు వాడొద్దన్నారు మేడం."

"గీత కొట్టు, అయితే."

"కొట్టినా చదివేకి వస్తాది మేడం."

మేడం నన్ను చూసింది, పేజీని చూసింది, వరసలో మెడలు సాచి చూస్తున్న వాళ్ళనూ చూసింది. నవ్వు ఆపుకుంటూ పెదాలు బిగించి, ఆ ఆఖరి వాక్యం కిందే ఎర్ర సిరాతో పూర్తి సంతకం పెట్టింది.