ఇంట్లో ఒకటే భాష

హెప్సిబాది జీతం లేని కొలువు. డిగ్రీ పాసయినా, పిల్లలకు మాటలు నేర్పే స్పీచ్ థెరపీ కోర్సులో సీటు రాలేదు. ఏదైనా క్లినిక్‌లో ఊరికే పనిచేస్తే వచ్చే ఏడాదికి దారి దొరుకుతుందని ఎవరో చెబితే చేరింది. ఊరికే అంటే ఏమిటో చేరాక తెలిసింది. బొమ్మలు తుడవాలి, అద్దాలు తుడవాలి, ఏడ్చే పిల్లల ముక్కులు తుడవాలి. నర్సు పనిలో కాళ్ళు వాచిపోయిన తల్లి లీలావతి, "ఊరికే చేస్తే పైకొస్తారంటే ఈ బెంగళూరులో కూలోళ్ళంతా దొరలై ఉండాల గదే" అని దెప్పేది.

అప్పుడు రెండువేల సంవత్సరం. క్లినిక్ నడిపే ఛాయాదేవికి తెలుగు రాదు. తెలుగువాళ్ళొస్తే హెప్సిబాను పిలిచేది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి ఆటోలో మనవణ్ణి తీసుకొచ్చే భాగీరథమ్మ అలాగే తగిలింది. పిల్లాడు నిశ్చల్‌కు మూడేళ్ళు దాటినా మాటల్లేవు. కొడుకు హేమంత్‌కుమార్‌కీ కోడలు అర్పితకీ ఆఫీసులు. మదనపల్లె పక్కనుంచి వచ్చిన భాగీరథమ్మకు తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. ఆ తెలుగులోనే పిల్లాడికి పొద్దంతా ఎన్ని కబుర్లో! వాడు పలక్కపోయినా ఆమె నోటికి విరామం ఉండేది కాదు.

ఆ రోజుల్లో క్లినిక్‌లో ఒక నియమం ఉండేది. మాటలు రాని బిడ్డకు ఇంట్లో ఒకటే భాష వినిపించాలి, బడి ఇంగ్లీషు గనక అది ఇంగ్లీషే కావాలి. ఆ మాట అవ్వకు చెప్పమని ఛాయాదేవి హెప్సిబాకు పురమాయించింది. "ఈ పిల్లాడు మాట్లాడితే కాలేజీవాళ్ళతో నీ గురించి నేనే చెబుతాను" అని కూడా అంది. ఆశ చెడ్డది. హెప్సిబా నమ్మింది, నమ్మకంగానే చెప్పింది.

"వాడితో తెలుగు మాట్లాడొద్దు అవ్వా."

"మరి ఏం మాట్లాడేది తల్లీ? నాకు వచ్చింది ఇదొక్కటే గదా."

"అయితే కొన్నాళ్ళు మాట్లాడకుండా ఉండు."

"నా మాట వాడికి అంత చెరుపు చేస్తాదా?" అనడిగింది ముసలామె. హెప్సిబా తలూపింది.

భాగీరథమ్మ నోరు కట్టుకుంది. అన్నం పెట్టాలంటే కంచం చూపించేది, నిద్రపుచ్చాలంటే వీపు నిమిరేది. కొడుక్కి తల్లితో పనుంటే పిల్లాడికి తెలుగు వినపడకుండా వంటింట్లోకి పోయి గొంతు తగ్గించి మాట్లాడేవాడు. నెలలు గడిచాక పిల్లాడు 'బాల్' అన్నాడు, తర్వాత 'వాటర్' అన్నాడు, ఆ తర్వాత ఆగలేదు. క్లినిక్‌లో మిఠాయిలు పంచారు. ఛాయాదేవి మాట నిలబెట్టుకుంది. హెప్సిబాకు సీటొచ్చింది, చదువయ్యాక అదే క్లినిక్‌లో జీతంతో కుర్చీ వచ్చింది. లీలావతి చర్చిలో అందరికీ చెప్పుకుని మురిసింది. ముసలామెకు మాత్రం ఇక మాట్లాడొచ్చని చెప్పాలన్న సంగతి ఎవరికీ తోచలేదు.

తర్వాత చాలా ఏళ్ళకు ఒక శిక్షణ తరగతిలో హెప్సిబా చెవిన పిడుగు పడింది. ఇంటిభాష వల్ల పిల్లల మాట ఆగిపోదట. ఆపమనడమే తప్పట. నిశ్చల్‌కు తెలుగు వింటూ ఉన్నా మాటలొచ్చేవే! క్లినిక్‌లో ఆ నియమం చడీచప్పుడు లేకుండా తీసేశారు. "అప్పుడు అందరం అదే నమ్మాం. ఇప్పుడు వెళ్ళి చెబితే ఏం లాభం?" అంది ఛాయాదేవి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని హెప్సిబాకూ తెలుసు. అయినా ఉండలేక ఆదివారం హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కు పోయింది.

భాగీరథమ్మ బాగా వంగిపోయింది. హెప్సిబా ఏడుస్తూ చెప్పిందంతా విని, తిట్టలేదు. తిడితే బాగుండేది.

"అయితే ఇంక మాట్లాడొచ్చునా?"

"మాట్లాడొచ్చు అవ్వా."

ముసలామె చీర కొంగు సర్దుకుని, సోఫాలో వీడియోగేమ్ ఆడుతున్న మనవడి వైపు తిరిగింది. "నాయనా నిశ్చలా, ఇట్ల రాప్పా. నా పక్కన కూసో."

పదకొండేళ్ళ పిల్లాడు తలెత్తి, అవ్వను కాదు, హెప్సిబాను చూశాడు. "ఆంటీ, వాట్ ఈజ్ షీ సేయింగ్?"

హెప్సిబా చెప్పింది. వాడు మంచి పిల్లాడు, ఆట ఆపి వచ్చి బుద్ధిగా కూర్చున్నాడు. అవ్వ వాడి మోకాలి మీద చేయి వేసింది.

"ఆకలిగా ఉండాదేమో అడుగు తల్లీ."

హెప్సిబా అడిగింది. వాడు లేదన్నాడు. అదీ చెప్పింది.

భాగీరథమ్మ వాడి మొహంలోకి చూసింది.

"ఇంకేం అడగాల్నో నాకు తెలీడంలేదమ్మా," అంది. "నువ్వే ఏమన్నా అడుగు వాణ్ని."