గోడవతలి పాట

సినిమాహాలు సైకిల్ స్టాండు చూసుకునే పెద్దాయనకి, ఒకప్పుడు ఆ హాల్లో ఏడాది పాటు ఆడిన ఓ పాత సినిమా పాటలన్నీ కంఠతా వచ్చు. ఎవరు ఏ పాట ఎత్తుకున్నా దగ్గర్లోని గోడకి జారబడి, కళ్ళు మూసుకుని తల ఊపుతాడు. ఏ పాటలో హీరోయిన్ ఎందుకు ఏడ్చిందో అభిమానులు ఆయన్నే అడుగుతారు. ఆయనా తడుముకోకుండా చెబుతాడు. ఆ సినిమా ఆడిన ఏడాదంతా ఆయన బయట సైకిళ్ళకి కాపలా ఉండి ఒక్క ఆటా చూడలేదన్న సంగతి కూతురికొక్కదానికే తెలుసు. మొన్న అదే సినిమా మళ్ళీ వస్తే టికెట్లు కొని, నాన్నని పక్కన కూర్చోబెట్టుకుంది. మొదటి పాట మొదలవగానే ఆయన లేచి వెళ్ళిపోయాడు. కంగారుగా వెతుక్కుంటూ వచ్చిన కూతురికి స్టాండులో, గోడకి చెవి ఆనించి కనిపించాడు.

"ఏమైంది నాన్నా?"

"లోపల ఆ బొమ్మలు అడ్డమొస్తున్నాయే, పాట వినపడి చావట్లేదు!"