టీపాయి మీద బొటనవేలి మచ్చలు

గంగాదేవికి కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి, ఆ తరువాతే మాట లేస్తుంది. ఆ పొద్దు కువైట్‌లో, రిగ్గైలోని ఇంటి దగ్గర కారెక్కింది మొదలు ఖైతాన్‌లోని ఫర్నిచర్ షాపు చేరేదాకా ఆమె నోరు విప్పలేదు. డ్రైవరు ఖాసిం వలికి భయం పట్టుకుంది. ఇద్దరిదీ రాయచోటి వైపు, ఇద్దరికీ ఒకే ఇంట్లో పని. ఆమె చెవులు అద్దంలో చూసుకుంటూ బండి నడిపాడు. వెనక సీట్లో పాత దుప్పటి కప్పుకొని టీపాయి కూర్చుంది, అసలు దోషి తానేనన్నట్టు.

ఆమె కోపానికి ఒక పాత వేరు ఉంది. కువైట్‌కు వచ్చిన కొత్తలో, మొదటి ఇంట్లో, ఎవరో పగలగొట్టిన గాజుగిన్నె ఆమె నెత్తిన పడింది. భాష రాక ఊరుకుంది. ఊరుకుంది కాబట్టి ఒప్పుకున్నట్టేనని, పనిమనుషులను కుదిర్చే ఆఫీసులో, అదే మక్తబ్‌లో, ఆమెను దింపి పోయారు. అక్కడ గోడకు ఆనుకొని కూర్చుంటే, సంతలో పళ్లు పట్టి ఆవును చూసినట్టు ఎవరెవరో వచ్చి చూసిపోయేవారు. అప్పుడు పెట్టుకుంది ఒట్టు: చేసిన తప్పుకు కాళ్లయినా పట్టుకుంటా, చేయని తప్పుకు మాత్రం నోరు మూయను.

ఇప్పుడు మళ్లీ అదే గతి. ఇంటావిడ, ఆమె నోట మామా, ఆడవాళ్ల గదికని కాఫీ రంగు టీపాయి చేయించింది. ముందురోజు సాయంత్రం షాపువాళ్లు దాన్ని ప్లాస్టిక్ చుట్టి తెచ్చారు. లైట్ల వెలుతురులో వచ్చినవాళ్లంతా మాషల్లా అన్నారు. తెల్లారి గంగాదేవి కిటికీ తెర లాగి, పొడిగుడ్డతో తుడుస్తుంటే ఎండలో నాలుగు మూలలా నాలుగు తెల్లటి మచ్చలు తేలాయి. నేల కడగడానికి తెచ్చుకున్న బ్లీచు బకెట్ పక్కనే ఉంది. మామాకు ఇంకేం సాక్ష్యం కావాలి? ‘నువ్వే పోశావు. తీసుకుపోయి బాగు చేయించు. నెలాఖరుకు నిన్ను మక్తబ్‌కు పంపేస్తా’ అంది.

షాపులో చిన్నరాజం ఒక్కడే ఉన్నాడు. జగిత్యాల వైపు వడ్రంగి, వయసు మళ్లినవాడు. టీపాయి కింద పెట్టీ పెట్టకముందే గంగాదేవి అందుకుంది.

‘‘ఏం పని సేసినావప్పా రాజన్నా ఇది? నీ చేతి పనికి నా పొట్ట కొడతాండారు!’’

చిన్నరాజం కళ్లద్దాలు ముక్కు మీదికి దించి చూశాడు. ‘‘బ్లీచు వోసినవా చెల్లె? గది వడితే రంగు గిట్లనే పోతది. నా పని గట్లుండది. జగిత్యాల్ల ఎవ్వలనన్న అడుగు.’’

‘‘జగిత్యాలకు పోయి అడిగొచ్చేలోపల నన్ను మక్తబ్‌లో పారేస్తారు! నీకేం, నీడన కూసోని మాట్లాడతావు.’’

‘‘అక్కా, నిదానం...’’ అన్నాడు ఖాసిం వలి.

‘‘నువ్వు బండి సూసుకో వలీ!’’

ఆమె వంగి మచ్చల మీద ముక్కు ఆనించినంత పని చేసింది. బ్లీచు చిందితే చుక్కలు చుక్కలుగా పడాలి. ఇవి అన్నీ కోలగా, ఒకే కొలతలో ఉన్నాయి. అదీ టీపాయి కాలు పైకి వచ్చి పలకలో బిగిసినచోటే. తన బొటనవేలు పెట్టి చూసింది. మచ్చ పెద్దది, వేలు చిన్నది.

‘‘నీ బొటనేలు ఇట్ల తే అన్నా.’’

‘‘ఎందుకు?’’ అంటూనే అతడు వేలు పిడికిట్లోకి ముడిచేశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట! ఆమె ఆ మణికట్టు పట్టి లాగి, వేలు తీసి మచ్చ మీద పెట్టింది. కుండకు మూతలా సరిపోయింది. రెండో మూల, మూడో మూల, నాలుగోదీ అంతే.

‘‘బ్లీచుకు బొటనేలు ఉంటాదా అన్నా?’’

చిన్నరాజం స్టూలు మీద కూలబడ్డాడు. ఊళ్లో అలవాటు. అతుకులో సందు కనబడితే జిగురులో రంపపు పొట్టు కలిపి బొటనవేలితో అదిమేస్తారు. పైన డబ్బా పెయింటు పడితే ఎవరికీ కనబడదు. ఇక్కడిదేమో కట్టె లోపలికి ఇంకే పల్చటి రంగు. జిగురు అంటిన చోట అది ఇంకదు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసీ వేలు ఊరుకోలేదు.

‘‘ఒక్క గంటల సాఫ్ జేసి ఇస్త చెల్లె. ఎవ్వలకెరుక?’’

‘‘మచ్చ పోతాది. నా మీద పడిన మాట యాడికి పోతాది? మామాకు నువ్వే చెప్పల్ల.’’

‘‘మా షాపు ముదీర్‌కు తెలిస్తే నన్ను పనిల ఉంచుతడా?’’

‘‘నన్ను మాత్రం ఉంచుతాండారా?’’

అతడు పని పట్టాడు. మచ్చ మీది పాలిష్ గీకి, గరుకు కాగితంతో కట్టె దాకా రుద్ది, తడిగుడ్డ అద్ది చూశాడు. తడిసినా తెల్లగా మిగిలినచోట జిగురు ఇంకా ఉన్నట్టే. మళ్లీ గీకాడు. తడి అంతటా ఒక్కతీరుగా ఇంకాక, ఎండలో ఆరబెట్టి రంగు అద్దాడు. మూడు మూలలు అయ్యాయి. నాలుగోదాని మీద గంగాదేవి అరచెయ్యి పరిచింది.

‘‘ఇది ఉండనీ. మామా సూసినంక గీకు.’’

‘‘మొండి దానివి.’’

‘‘అవును. వలీ, ఫోన్ కలుపు.’’

వీడియోలో మామా మొహం కనబడింది. చిన్నరాజం ఆమె చెయ్యి కొద్దిగా జరిపి, మచ్చ మీద తన వేలు పెట్టి చూపించాడు. వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలూ కూడగట్టుకున్నాడు. ‘‘మామా, హాదా అనా. గంగా మాఫీ.’’ ఇది నేను చేసింది, గంగ కాదు.

మామా ఆ వేలు చూసింది. ‘‘జైన్. ఖలాస్. తొందరగా రమ్మను, చాయ్ పెట్టాలి’’ అని ఫోను పెట్టేసింది. సరే, అయిపోయింది, అంతే.

‘‘ఖలాసంట!’’ గంగాదేవి చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి. ‘‘తిట్టేటప్పుడు ఇల్లంతా ఇనబడేటట్టు తిట్టింది. ఇప్పుడు వొక్క ముక్కతో ఖలాసా? ఎవరికి ఖలాస్?’’

చిన్నరాజం తల ఎత్తకుండా నాలుగో మూల గీకాడు.

మర్నాడు తెల్లారి మామా టీపాయి తుడవమంది. గంగాదేవి కిటికీ తెర పూర్తిగా లాగి, పొడిగుడ్డ పట్టుకొని నిలబడింది, వంగలేదు.

‘‘నువ్వు ఈడ నిలబడి సూస్తేనే తుడుస్తా మామా’’ అని వచ్చిన అరబ్బీలో అంది.

మామా నవ్వబోయింది. ఎదుటి మొహం చూసి నవ్వు మానుకుంది. కాఫీ కప్పు పట్టుకొని, నాలుగు మూలలూ అయ్యేదాకా అక్కడే నిలబడింది. గంగాదేవి తొందరపడలేదు.