పెరటి తలుపు, మరిది కంప్యూటరు

ఎన్నిసార్లు ఉతికినా బట్టలను ఇనుప గని ఎర్రదుమ్ము వదలని ఆ రోజుల్లో, మా క్వార్టర్లో తలుపు చప్పుడైతే మూడు భాషలు ఒకేసారి నా గొంతులోకి వచ్చేవి. పాలాయనకు హిందీ, ఆకుకూరలామెకు అక్కడి పల్లెల్లో మాట్లాడే హల్బీ, పక్కింటివాళ్లకు తెలుగు. (బడికి వెళ్లింది తక్కువే గానీ, విన్న మాట మాత్రం మరచిపోను.) తొంగిచూసి, ఏ భాషో తేల్చుకుని నోరు తెరిచేసరికి పాలాయన రెండిళ్లు దాటిపోయేవాడు.

మా మరిది గని ఆఫీసు కంప్యూటర్ గదిలో పనిచేసేవాడు. ఏది ఏ రకమో ముందుగా రాసిపెట్టనక్కర్లేని కంప్యూటర్ భాష ఒకటి సొంతంగా తయారుచేసి, దాంట్లో గని బండ్లకు పని పురమాయించే ప్రోగ్రాం రాశాడు. అది నత్తలా నడిచేది. ఆఫీసు పెద్దసారు శనివారం చూస్తానన్నారు. నచ్చకపోతే మళ్లీ పాతలాగే కాగితాల మీద రాసుకోవడమే. మరిదికి అన్నం సయించడం లేదు.

"ఏందయ్యా, నీ కంప్యూటరుకు అంత ఆలోచన దేనికి?" అన్నాను.

"'బయల్దేరు' అంటే చాలదు వదినా. ఎదురుంగ ఉన్నది లారీనా, మట్టి తవ్వే యంత్రమా అని చూడాలె. ఆ రకం ఏం చేయాల్నో వెతకాలె. పిలిచిన ప్రతిసారీ ఇదే తంతు. అచ్చం నీ లెక్కనే."

"నా లెక్కనైతే బాగుపడ్డట్టే."

నవ్వబోయి, ముద్ద చేతిలో ఉండగానే ఆగిపోయాడు. "పెరటి తలుపుకు ఎప్పుడూ ఎవరొస్తరు?"

"ఆకుకూరలామె."

"ముందు తలుపుకు?"

"పాలాయన."

"మరి వెతుకుడెందుకు? ఏ తలుపుకా తలుపు, కిందటిసారి వచ్చినోళ్లను గుర్తుపెట్టుకుంటే చాలదా?" అని చెయ్యయినా సరిగ్గా కడగకుండా ఆఫీసుకు పరుగెత్తాడు.

ఆ ఉపాయం తనకు పనికొస్తే నాకెందుకు రాదని నేనూ మొదలుపెట్టాను. పెరట్లో చప్పుడైతే హల్బీ, ముందు చప్పుడైతే హిందీ, చూసేది లేదు. పని ఎంత చకచకా సాగిందో. మరిది ప్రోగ్రాం కూడా ఉరుకుతోందట. శనివారం పొద్దున ముందు వరండా నిండా ఇప్పపువ్వు ఆరబోశాను. కాసేపటికి పెరటి తలుపు చప్పుడైంది. తలుపు సందులోంచి ఖాళీ బుట్ట బయటికి తోసి, హల్బీలో అందుకున్నాను. నిన్నటి కూరంతా ముదురు, ఇవాళ లేతది పెట్టకపోతే ఈ గడప తొక్కొద్దని.

బయటివాళ్లు బుట్ట అందుకున్నారు. తర్వాత కోస్తా తెలుగులో మెల్లగా, "నిన్నటి కూర నేను తేలేదమ్మా. మీ మరిది ఉన్నాడా?"

పెద్దసారు. ఇప్పపువ్వు తొక్కడం ఇష్టంలేక చుట్టూ తిరిగి వచ్చారట. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. మరిది వచ్చి కొయ్యబారిపోయాడు.

"నీ ప్రోగ్రాం బాగానే పరుగెడుతోందయ్యా," అన్నారాయన. "కాకపోతే మట్టి తవ్వే యంత్రం ఖనిజం నింపుకుని రైల్వే స్టేషనుకెళ్లిందంటోంది. చూస్తే అది ఉన్నచోటే ఉంది."

మరిది, సారు చేతిలోని బుట్టను చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ బుట్టను చూశాడు.

"సార్, మా వదిన చేసిందే అదీ చేసింది. కిందటిసారి లారీ వచ్చింది కాబట్టి ఇదీ లారీయే అనుకుంది. ముందు ఒక్క చూపు చూడాలి. అదే రకమైతే నేరుగా పని, కాకపోతేనే వెతకాలి."

"ఆ చూపుకు మళ్లీ ఆలస్యం కాదూ?"

"వెతికినంత కాదు సార్."

"సాయంత్రం దాకా చూస్తాను," అని బుట్ట పట్టుకునే వెళ్లిపోయారు.

సాయంత్రానికి యంత్రం ఉన్నచోటే ఉంది, లారీలు పరుగెత్తాయి, కాగితాలు బీరువాలోనే ఉండిపోయాయి. మర్నాడు మా బుట్ట తిరిగొచ్చింది, నిండా లేత తోటకూరతో.

గని ఊరు వదిలొచ్చాక, ఇప్పుడు మేముండే ఇంటికి ఒకటే తలుపు, దానికో గంట, బయటివాళ్లు కనబడే చిన్న అద్దం. గంట మోగిన ప్రతిసారీ ముందు ఒక్క చూపు చూస్తాను. ఆ చూసేలోపే ముదురు కూర మీద హల్బీ తిట్టు నాలుక చివరికి వచ్చి నిలబడుతుంది. ఇక్కడ ఆ భాష తెలిసినవాళ్లు ఎవరూ లేరు. దాన్ని మింగేసి, నవ్వుకుంటూ తలుపు తీస్తాను.