ఖాళీ రీలు

వైర్ల ఫ్యాక్టరీలో ఆమె అందరికీ అత్తయ్యే. కరిగిన ప్లాస్టిక్‌లోంచి దూసుకొచ్చిన రాగి తీగ ఎర్ర తొడుగుతో నీళ్ల తొట్టిలో చల్లారి, ఆమె వేళ్ల మధ్యనుంచి జారిపోతుంటుంది. చూపుడువేలికి గాడి పడింది. పైపూతలో ఎక్కడైనా బొబ్బ తగిలితే మిషను ఆపడం ఆమె పని. దానికి వేళ్లు చాలు, కాళ్లతో పనిలేదంటుంది. ఏళ్ల తరబడి నిలబడి మోకాళ్లు అరగదీసుకున్నాక, వైరు చుట్టే ఖాళీ చెక్క రీలొకటి పక్కకు లాక్కుని దర్జాగా కూర్చోవడం మొదలుపెట్టింది.

నిలబడే పని చెయ్యాలన్నది అక్కడి రూలు. "కూర్చుంటే నిద్రొస్తుంది అత్తయ్యా, లేవండి," అన్నాడు కొత్త సూపర్‌వైజరు. "నిలబడి నిద్రపోవడం కూడా ఇక్కడే నేర్చుకున్నాను బాబూ," అంది, వైరు మీంచి చెయ్యి తియ్యకుండా. మర్నాడు అతను ఖాళీ రీళ్లన్నీ గోదాములో పెట్టించి తాళం వేశాడు. ఆమె ఒకసారి చుట్టూ కలయజూసి, పక్కనే లారీకెక్కడానికి సిద్ధంగా ఉన్న నిండు రీలు మీద కూర్చుంది. అతని మొహం కందగడ్డలా అయింది.

"అది సరుకు. లోడింగుకి పోవాలి."

"పోనివ్వండి. నేను కాదన్నానా?" అంటూ కాళ్లు బారజాపింది.

బయట లారీ హారను ఆగడం లేదు. చివరికి అతనే తాళం తీసి, ఖాళీ రీలొకటి దొర్లించుకొచ్చాడు. ఆమె దాన్ని అటూ ఇటూ కదిపి చూసింది.

"ఇది ఊగుతోంది బాబూ. నాది తీసుకురండి."